రంధ్రం కాదు, తూము

కార్తీక శుద్ధ షష్ఠి గడిచి సప్తమి తెల్లవారబోతున్నది. ఆకాశంలో మబ్బు తునక లేదు. బిలాస్‌పూర్‌లోని తోర్వాలో, అర్పా నది ఒడ్డున, ఛఠ్ పూజకు వచ్చిన జనం చీకటిలోనే మెట్ల నిండా కూర్చుని ఉన్నారు. వ్రతం పట్టిన స్త్రీలు మోకాటి లోతు నీళ్లలో నిలబడి, పండ్లు పేర్చిన చేటలు చేతబట్టి, తూర్పు దిక్కుకేసి చూస్తున్నారు. ఒడ్డు వెంబడి మా పేట కుర్రవాళ్లు కట్టిన దీపాల తోరణం ఎరుపులోనుంచి పసుపులోకీ, పసుపులోనుంచి నీలంలోకీ అలలాగా పరుగెత్తుతున్నది. నాలుగూ ముప్పావు అయి ఉంటుంది. ఉన్నట్టుండి ఆ తోరణమంతా ఒక్కమారుగా ఆరిపోయింది.

చీకటి, నీళ్లు, పసిపిల్లలు, పాకుడు పట్టిన మెట్లు. ఈ నాలుగూ ఒకచోట చేరితే గుండె ఎలా కొట్టుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఎవరో సెల్‌ఫోను దీపం వెలిగించారు. దాన్ని చూసి పదిమంది, వారిని చూసి వందమంది వెలిగించారు. ఘాట్ మళ్లీ కనబడింది. మా పక్కింటి కుర్రవాడు, ఐ.టి.ఐ.లో కరెంటు పని నేర్చినవాడు, మెట్ల పక్కన ఇనుప స్తంభానికి బిగించిన పెట్టె దగ్గరికి పరుగెత్తాడు. పైన మెయిన్ బోర్డులో మీట కిందికి పడి ఉన్నది. ఎత్తాడు, పడింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ పడింది.

"పిన్నిగారూ, ఈ మీట ఊరికే పడిపోతోంది. దీన్ని తప్పించి తీగ నేరుగా కలిపేస్తాను, రెండు నిమిషాల పని" అన్నాడు నాతో.

నేను నోరు విప్పేలోగా వెనుకనుంచి బాబాయిగారి గొంతు వినిపించింది. రైల్వే సిగ్నల్ విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి ఆయన. "ఆ మీట పడింది గనుకనే మనమంతా ఇక్కడ నిలబడి మాట్లాడుకుంటున్నాం నాయనా. చెయ్యి తియ్యి. తెల్లారనీ, అప్పుడు చూద్దాం."

తెల్లవారింది. అర్ఘ్యాలిచ్చారు, ప్రసాదాలు పంచారు, జనం చెదిరిపోయారు. అప్పుడు కరెంటు పూర్తిగా తీసివేసి పెట్టె మూత విప్పాము. లోపల అడుగున అరంగుళం మేర నీళ్లు నిలిచి ఉన్నవి! మూత లోపలి వైపున ముత్యాల్లాగా బొట్లు. తీగలు కలిసేచోట పచ్చగా చిలుము. పెట్టె మీద ఒక్క గీత పడలేదు, రబ్బరు అంచు చెక్కుచెదరలేదు. ఆ వారంలో మా ఊళ్లో వాన కురవనే లేదు. మరి ఆ నీళ్లు ఎక్కడివి?

నేనెందుకు ఇంత పట్టుపట్టి ఆరా తీశానో ముందే చెప్పివేయడం మర్యాద. ఆ పెట్టెలో నీళ్లు నిలవడానికి కారణం నేను. మరీ కచ్చితంగా చెప్పాలంటే, నేను అనువదించిన రెండు వాక్యాలు.

తోర్వా రైల్వే వాళ్ల పేట. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన మార్గాన్ని ఈ ప్రాంతం మీదుగా వేసింది. 1902లో కటకం నుంచి విశాఖపట్నం దాకా ఉన్న తీరమార్గం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. అప్పటినుంచి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మనుషులు ఖరగ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ పనికోసం రైలెక్కడం మొదలైంది. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరే ప్రధాన కేంద్రమైంది. ఇన్ని మారినా ఆ కుటుంబాల ఇళ్లలో తెలుగు మాత్రం వినబడుతూనే ఉన్నది. చదవడం, రాయడం తగ్గిందనేది వేరే బాధ. ఇక్కడ వినాయకచవితి, దుర్గాపూజ, దీపావళి, ఛఠ్ వరుసగా వస్తాయి. దీపాల సామగ్రి ఒకటే, అది పండుగ నుంచి పండుగకు చేతులు మారుతుంది. తెలుగువాళ్ల పందిరికి కట్టిన తోరణమే బెంగాలీల పూజకూ వెళుతుంది, బీహారు వాళ్ల ఘాట్‌కూ వెళుతుంది.

రెండేళ్ల కిందట పేట కుర్రవాళ్లు చందాలు పోగుచేసి కొత్తరకం ఎల్.ఇ.డి. తోరణాలూ, వాటిని ఆడించే కంట్రోలరూ, దానికి ఒక ఇనుప పెట్టే తెప్పించారు. పెట్టెతోపాటు ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని అనువాదాలతో పొట్ట పోసుకునే మనిషి వీధిలోనే ఉండగా మరొకరిని అడగడమెందుకు? తెచ్చి నా చేతిలో పెట్టారు.

అందులో రెండు మాటలున్నవి. ఆ పెట్టె 'వెదర్‌ప్రూఫ్' అని ఒకటి. అడుగున ఉన్న 'వీప్ హోల్'ను 'క్లియర్'గా ఉంచవలెనని రెండవది. మొదటిదానికి "ఇది నీరు చొరని పెట్టె" అని రాశాను. రెండవది చూసి కాస్త తటపటాయించాను. కన్నీరు కార్చే రంధ్రమా? ఇదేమి వింత అనుకుని, "అడుగున ఉన్న చిన్న రంధ్రాన్ని శుభ్రంగా ఉంచవలెను" అని రాసి చేతులు దులుపుకున్నాను.

కుర్రవాడు నా రాతను అక్షరాలా పాటించాడు. నీరు చొరని పెట్టెకు అడుగున రంధ్రమేమిటి, కర్మాగారంలో పొరపాటున వదిలేసి ఉంటారు, పిన్నిగారు శుభ్రం చేయమన్నారు గదా అని దాన్ని గుడ్డతో తుడిచి, సిలికాన్ గొట్టం తెచ్చి నున్నగా పూడ్చివేశాడు. మూత చుట్టూ కూడా ఒక వరుస పూశాడు. అతని తర్కంలో నాకు ఇప్పటికీ తప్పు కనబడదు. రంధ్రం అంటే మన భాషలో లోపం. పరుల తప్పులు వెదకడాన్నే రంధ్రాన్వేషణ అన్నారు. కుండకు చిల్లు పడితే మాటు వేస్తాము, చిల్లుగవ్వను ఎవరూ తీసుకోరు. రంధ్రం కనబడితే పూడ్చవలెననే బుద్ధి ఆ మాటలోనే ఉన్నది.

ఆ ఏడు దసరాలో మూడు సాయంకాలాలు జోరున వాన కురిసింది. తోరణం ఒక్క క్షణం ఆగలేదు. "అదీ పెట్టె అంటే!" అని అందరూ మెచ్చుకున్నారు. సరిగ్గా ఆ మూడు సాయంకాలాలే మా కొంప ముంచినవని ఆ మీదట తెలిసింది.

వేడివేడి సాంబారు పోసి మూత బిగించిన స్టీలు క్యారియరు గిన్నె చల్లారిన తరువాత ఎంత లాగినా మూత ఊడిరాదు. ఇది ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. లోపలి గాలి వేడిమీద వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. చల్లబడగానే మిగిలిన గాలి కుంచించుకుంటుంది, బయటి గాలి మూతను అదిమిపెడుతుంది. దీపాల పెట్టె కథా ఇదే. మా పెట్టె లోపలి కొలత సుమారు 30 లీటర్లు. పగలంతా ఎండకు కాగి, లోపలి పవర్ సప్లై వేడి కూడా తోడై, దానిలోని గాలి 45 డిగ్రీలకు చేరిందనుకుందాం. సాయంత్రం హఠాత్తుగా వాన పడి పెట్టె 25 డిగ్రీలకు చల్లబడిందనుకుందాం. లోపలి ఒత్తిడి వందకు ఆరు పాళ్లకు పైగా పడిపోతుంది. వినడానికి ఆరు పాళ్లు స్వల్పమే. కాని దాన్ని నీటి లోతుగా మార్చి చూస్తే రెండడుగులు దాటుతుంది. స్తంభానికి వేలాడుతున్న పెట్టె, లోపలికి పీల్చే బలం సంగతిలో, రెండడుగుల లోతు నీటిలో మునిగిన పెట్టెతో సమానమన్నమాట.

ఆ సమయంలో మూత అంచు చుట్టూ ఉన్నది గాలి కాదు, వాన నీటి పొర. పెట్టె గాలికోసం ఊపిరి పీలిస్తే నీరు వచ్చి నోట పడుతుంది. రబ్బరు అంచు ఎంత బిగువుగా ఉన్నా, తీగ పైపొరకూ లోపలి రాగి పోగులకూ నడుమ ఉన్న సందు చాలు. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టు తీగ నీటిని మోసుకువస్తుంది. ఒక్కొక్క వానకు వచ్చేది కొంచెమే. అయితే అలా వచ్చిన నీరు బయటికి పోవడానికి దారి ఒక్కటే, అదేమో నున్నగా పూడిపోయి ఉన్నది.

దసరానాడు చేరిన నీరు అడుగునే ఉండిపోయింది. పలకకు పైన బిగించిన కంట్రోలరుకు అది తగలలేదు గనుక ఎవరికీ తెలియలేదు. కార్తీకం వచ్చింది, రాత్రులు చల్లబడ్డవి. లోపల పవర్ సప్లై వెచ్చగా ఉంటుంది. పైన మూత నిర్మలమైన ఆకాశానికి ఎదురుగా ఉండి మంచులా చల్లబడుతుంది. అడుగు నీరు ఆవిరై పైకి లేచి, ఇడ్లీ పాత్ర మూతకింద చేరినట్టే చేరి, బొట్లుబొట్లుగా కిందికి రాలింది. అలా రాలినచోట 230 వోల్టుల తీగలు కలిసి ఉన్నవి. ఆశ్వయుజంలో కురిసిన వాన మా పెట్టెలో కార్తీకం దాకా దాగి ఉండి, మబ్బులేని రాత్రి మళ్లీ కురిసిందన్నమాట.

కుర్రవాడు పూసిన సిలికాన్ సంగతి కూడా చెప్పాలి. మూత తెరవగానే పులిసిన వెనిగరు వాసన గుప్పుమన్నది. బజారులో చౌకగా దొరికే రకం సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడుస్తుంది. వెనిగరులో ఉండేదీ అదే. బయట పూస్తే అది గాలికి పోతుంది. మూసిన పెట్టెలో ఎక్కడికి పోతుంది? రాగి మీద పడి చిలుము పట్టిస్తుంది. ఎలక్ట్రానిక్ సామాను దగ్గర వాడవలసింది 'న్యూట్రల్' అని రాసి ఉండే రకం. వాసన చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది.

ఇక ఆ పడిన మీట. దానిని ఆర్.సి.సి.బి. అంటారు. వెళ్లిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది క్షణక్షణమూ లెక్క చూసుకుంటూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల మేర లెక్క తప్పిందంటే, ఆ కరెంటు భూమిలోకో మనిషిలోకో పోతున్నదని గ్రహించి, రెప్పపాటులో సరఫరా తెంచివేస్తుంది. మామూలు ఫ్యూజుకు ఈ తెలివి లేదు. మనిషి ప్రాణం తీయడానికి చాలిన కరెంటు ఫ్యూజుకు లెక్కలోకే రాదు. ఆ మీట కొనమని అంతకు ముందు ఏడు బాబాయిగారు పోరాడితే, ఖర్చు దండగని కమిటీలో సగంమంది గొణిగారు. గొణిగినవారిలో నేనూ ఉన్నాను. ఆ తెల్లవారుజామున దాన్ని తప్పించి తీగ కలిపి ఉంటే, పెట్టెనూ ఇనుప స్తంభాన్నీ కాపాడడానికి ఒక్క ఎర్తు తీగ మాత్రమే మిగిలి ఉండేది. నది ఒడ్డు ఇసుకలో ఆ ఎర్తు ఎంత గట్టిగా ఉన్నదో ఎవరూ కొలిచి చూడలేదు. స్తంభానికి అయిదారు అడుగుల దూరంలో తడి చీరలతో స్త్రీలు నిలబడి ఉన్నారు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

అసలు ఈ పెట్టె అవసరం ఎక్కడినుంచి వచ్చింది? వెలుగుల ఆట మొదలైనప్పుడు దానికి పెట్టె లేదు. 1882 డిసెంబరులో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు 80 విద్యుద్దీపాలు అమర్చాడు. చెట్టు గుండ్రంగా తిరుగుతూ ఉంటే దీపాలు రంగురంగులుగా వెలిగి ఆరేవి. అది ఇంటి లోపలి వేడుక, వానభయం లేదు. 1923లో వాషింగ్టన్‌లో అధ్యక్షుడు కూలిడ్జ్ మీట నొక్కి 2,500 దీపాల చెట్టు వెలిగించేనాటికి పండుగ వెలుగు ఆరుబయటికి వచ్చింది.

మన దేశంలో ఈ విద్యకు పుట్టినిల్లు బెంగాలులోని చందన్‌నగర్. ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండిన ఆ ఊళ్లో జగద్ధాత్రి పూజకు కట్టే దీపాల పనితనం జగత్ప్రసిద్ధం. శ్రీధర్ దాస్ వంటి కళాకారులు ఆ కీర్తిని ఊరూరికీ మోశారు. ఆ రోజుల్లో దీపాలను ఆడించినది రోలరు. కర్ర దుంగమీద రాగి రేకులు అతికించి, చిన్న మోటారుతో తిప్పుతారు. రేకు తగిలిన తీగకు కరెంటు అందుతుంది, దాటిపోగానే ఆగిపోతుంది. నెమలి పురివిప్పడం, రైలు చక్రం తిరగడం, అంతా ఆ రేకుల అమరికలో ఉన్న మాయే. రోలరును పందిరి వెనుక టార్పాలిన్ చాటున పెట్టేవారు. పక్కనే ఒక మనిషి ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. చినుకు పడితే గోనె కప్పేవాడు, నిప్పురవ్వలు ఎక్కువైతే ఆపేవాడు. ఆ మనిషే పెట్టె! నేటి కంట్రోలరు అరచేతిలో ఇముడుతుంది, దాని పక్కన ఎవరూ కూర్చోరు. ఆ మనిషి చేసిన కాపలా అంతా ఇప్పుడు పెట్టె చేయవలసి వచ్చింది. పైగా మన పండుగలు వానను తప్పించుకుని రావు. ఖైరతాబాదులో 1954 నుంచి వినాయకుణ్ణి నిలుపుతున్నది భాద్రపదంలోనే గదా.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక ముక్క. ఇంగ్లీషులో 'ప్రూఫ్' అంటే పరీక్ష, పరీక్షకు నిలిచినది అని అర్థం. మాక్బెత్ నాటకంలో షేక్‌స్పియర్ ఆ మాటను వీరుడి కవచం పరంగా వాడాడు. దాన్ని నేను బి.ఏ.లో చదివి పరీక్షలో రాశాను కూడా. అయినా పెట్టె కాగితం చేతికి వచ్చేసరికి 'చొరనిది' అని రాశాను. అమెరికావారి జాతీయ విద్యుత్ నియమావళిలో 'వెదర్‌ప్రూఫ్' మాటకు ఇచ్చిన నిర్వచనం ఆ తరువాత చూశాను. ఎండకూ వానకూ గురి అయినా పని చెడకుండా సాగేటట్టు కట్టినది లేక కాపాడినది అని దాని తాత్పర్యం. నీరు లోపలికి రాకూడదని అందులో లేదు! వస్తే రావచ్చు, పని మాత్రం చెడరాదు. 'వాటర్‌టైట్' వేరు, ఇది వేరు. రెంటినీ నేను ఒక్క గాటన కట్టివేశాను.

పెట్టెమీద ముద్రించే 'ఐ.పి. 65' వంటి అంకెలను చూసి మోసపోవడం కూడా ఇలాంటిదే. 1976లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం తొలిసారి వెలువరించిన ప్రమాణం అది. మొదటి అంకె ధూళికి, రెండవది నీటికి. 6 అంటే ధూళి రేణువు కూడా చొరబడదు. 5 అంటే గొట్టంతో నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున అన్ని వైపులనుంచీ నీరు చిమ్మినా హాని కలగదు. మంచి కొలతే, కాదనను. కాని ఆ పరీక్షలో నీటికీ పెట్టెకూ ఉష్ణోగ్రతలో తేడా 5 డిగ్రీలు మించకూడదని నియమం. పగలంతా కాగిన పెట్టెమీద చల్లని వాన పడితే ఏమౌతుందో ఆ అంకె చెప్పదు. లోపల ఆవిరి పట్టడం గురించీ చెప్పదు.

బాబాయిగారికి ఈ అంకెలేవీ అవసరం లేకపోయినవి. "అమ్మాయ్, నువ్వు లొకేషన్ బాక్సు ఎప్పుడైనా చూశావా?" అని అడిగి, సాయంత్రం నన్నూ కుర్రవాణ్ణీ లెవెల్ క్రాసింగు దాకా నడిపించుకు వెళ్లారు. రైలుపట్టాల పక్కన సిమెంటు దిమ్మెమీద నిలువెత్తు ఇనుప బీరువాలు నిలబడి ఉంటాయే, అవి. సిగ్నళ్లను నడిపే రిలేలు వాటిలోనే ఉంటాయి. ఎండలో, వానలో ఏళ్ల తరబడి పనిచేయాలి. అవి చెడితే ఆగేది తోరణం కాదు, రైలు. ఆయన దూరంనుంచే చేయి చాచి చూపించారు. పై కప్పు ఏటవాలుగా ఉండి తలుపుకన్నా ముందుకు వచ్చి ఉన్నది. తీగలన్నీ కిందినుంచే లోపలికి పోతున్నవి, పైనుంచీ పక్కలనుంచీ ఒక్కటీ లేదు. గాలి ఆడడానికి సందులున్నవి, వాటికి పురుగు దూరకుండా జాలీ ఉన్నది. నేలకు ఎత్తుగా దిమ్మె ఉన్నది. "నీళ్లతో కుస్తీ పట్టకూడదు. వచ్చినదానికి పోయే దారి చూపించాలి. మీ తాతగారి పెంకుటింటికి ఏం చేశారు మరి?"

ఆ మాటతో నాకు కళ్లు తెరుచుకున్నవి. మా తాతగారిది విజయనగరం దగ్గర మండువా ఇల్లు. పెంకుల సందుల్లోనుంచి గాలి వస్తుంది, వెలుతురూ వస్తుంది. వాన మాత్రం పెంకు మీదనుంచి పెంకు మీదికి జారి చూరునుంచి పోతుంది. నడుమ మండువాలో వానను ఏకంగా ఇంట్లోకే పిలుస్తారు. అయినా ఏ గదీ తడవదు, ఎందుకంటే మండువా మూలన తూము ఉన్నది. ఆకులు అడ్డుపడితే మా నాయనమ్మ వానలో తడుస్తూనే వెళ్లి చీపురుపుల్లతో పొడిచి వచ్చేది. చెరువు తూమునైనా, ఇంటి తూమునైనా పూడ్చవలెనని ఎవరికీ తోచదు. దానిలో పూడిక తీయవలెననే తోస్తుంది. 'వీప్ హోల్' అన్న మాటకు తెలుగు నా చిన్ననాటి ఇంట్లోనే ఉండగా నేను నిఘంటువులో వెతికాను. ఆ కాగితంలో "అడుగున ఉన్న తూము పూడకుండా చూడవలెను" అని రాసి ఉంటే కుర్రవాడు సిలికాన్ గొట్టం ముట్టుకునేవాడే కాదు.

మరుసటి ఏటికి పెట్టెను మళ్లీ కట్టాము. కొత్తది కొనలేదు. పాతదాన్నే బాగుచేశాము. పాత సిలికానంతా గీకి, ఆల్కహాలుతో తుడిచి, తూము తెరిచి, దాన్ని కాస్త వెడల్పు చేసి లోపలివైపు సన్నటి ఇత్తడి జాలీ అమర్చాము. బల్లులూ చీమలూ వెచ్చదనం వెతుక్కుంటూ వస్తాయి. రెండు తీగల మధ్య పడుకున్న బల్లి చేసే అపకారం వాన చేసినదానికి తీసిపోదు. పెట్టెను స్తంభానికి బిగించేటప్పుడు తూమున్న మూల కొంచెం పల్లంగా ఉండేటట్టు వాల్చాము. పై భాగాన రేకుతో ఒక గొడుగు, పెట్టెకు రెండంగుళాల ఎడంగా. ఎండ గొడుగుకు తగులుతుంది, పెట్టె నీడలో ఉంటుంది. పెట్టె రంగు నలుపు ఉండేది, తెలుపు వేశాము. కాగడం తగ్గితే పీల్చడం తగ్గుతుంది.

తీగలన్నీ అడుగునుంచి గ్లాండుల ద్వారా లోపలికి. ప్రతి తీగా పెట్టెను చేరేముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి ఎక్కాలి. తీగవెంట జారివచ్చిన నీరు ఆ వంపు దగ్గరే నేలమీదికి రాలిపోతుంది. ఈ చిన్న వంపుకు పైసా ఖర్చు లేదు. అయినా మా పేటలో ఇంటి మీటర్లకు వచ్చే తీగలు చూడండి, నూటికి తొంభై పైనుంచి తిన్నగా దిగుతుంటాయి! లోపల 230 వోల్టుల భాగాన్నీ, దీపాలకు పోయే 12 వోల్టుల భాగాన్నీ నడుమ పలక పెట్టి వేరుచేశాము. రెంటినీ అడుగునుంచి బెత్తెడు ఎత్తున బిగించాము. స్తంభానికీ పెట్టెకూ మూతకూ విడివిడిగా ఎర్తు తీగ. మూతకు ఎందుకంటే, కీలు తుప్పు పడితే మూత ఒంటరిదైపోతుంది.

సిలికా జెల్ పొట్లాలు వేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. గట్టిగా మూసిన మందుసీసాలో అవి పనిచేస్తాయి. ఊపిరి పీల్చే పెట్టెలో నాలుగు రోజులకే కడుపు నిండి కూర్చుంటాయి. ఖర్చు పెట్టగలిగితే మరొక మార్గమున్నది. 1969లో అమెరికాలో రాబర్ట్ గోర్ అనే ఆయన టెఫ్లాన్‌ను సాగదీసి, కంటికి కనబడని సూక్ష్మరంధ్రాల పొరగా మార్చాడు. నీటిబొట్టు అందులో దూరదు, గాలీ ఆవిరీ దూరుతాయి. ఆ పొరతో చేసిన బిరడాలు ఇప్పుడు దొరుకుతున్నవి. పెట్టె పక్కన ఒకటి బిగిస్తే అది ముక్కులాగా పనిచేస్తుంది, రబ్బరు అంచునుంచి నీరు పీల్చుకోవలసిన అవసరం పెట్టెకు ఉండదు. మేము ఒకటి తెప్పించి పెట్టాము. తూమును మాత్రం మూయలేదు.

చివరకు పరీక్ష. ప్రూఫ్ అంటే అదే గదా. లోపల పాత వార్తాపత్రిక పరిచి, మూత బిగించి, ఎండలో పెట్టి, మధ్యాహ్నం దాకా కాగనిచ్చాము. లోపల కరెంటు లేకుండా చూసుకుని, మొక్కలకు నీళ్లుపోసే గొట్టంతో అరగంట తడిపాము. మూత తెరిస్తే కాగితం ఒక మూల మాత్రం చెమ్మగిల్లి ఉన్నది, అది గ్లాండు వదులైన చోటు. బిగించి మళ్లీ చేశాము. మూడవసారికి కాగితం పొడిగా వచ్చింది. ఆర్.సి.సి.బి. మీద ఉండే 'టెస్ట్' మీటను పండుగకు ముందు నొక్కి చూసే పని ఇప్పుడు కమిటీ కార్యదర్శిది. నొక్కిన తేదీ పుస్తకంలో రాసి సంతకం చేయాలి. గొణిగినవారిలో ఒకరికి ఆ పుస్తకం అప్పగించాలని బాబాయిగారు పట్టుబట్టారు. కనుక ఆ కార్యదర్శిని నేనే.

ఆ ఏడు దుర్గాష్టమి సాయంత్రం వాన కుండపోతగా వచ్చింది. నేను గొడుగు వేసుకుని పందిరి దగ్గరికి వెళ్లేసరికి, తోరణం ఎరుపులోనుంచి పసుపులోకి మారుతున్నది. కుర్రవాడు స్తంభానికి ఎడంగా, తడిసి ముద్దై, పెట్టె అడుగువైపు సెల్‌ఫోను దీపం పట్టి చూస్తున్నాడు. నన్ను చూడగానే కేకవేశాడు.

"పిన్నిగారూ, తూము కారుతోంది!"